పోలింగు రోజు వంట

గిన్నెలు కడిగి, తడి చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని, వెర్నెల్ మళ్ళీ వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. బల్లకు ఆ చివర మొక్కజొన్న రొట్టె తునకలు, ఈ చివర పోస్టరు అచ్చు కోసం చెక్కే లినోలియం పలక. సన్న ఉలితో గీత వెంట గీత చెక్కుతుంటే రబ్బరులాంటి పొరలు ముంగురుల్లా లేచి రాలుతున్నాయి.

"తిండి తినే బల్లమీద ఈ చెత్తేమిటే?" అనేవాడు భర్త లూషస్, పెళ్ళయిన కొత్తలో. ఇప్పుడు అనడు. అలబామాలోని ఆ చిన్న ఊళ్ళో జనంచేత ఓట్లు వేయించే చర్చి కమిటీకి పేరొచ్చింది ఆమె పోస్టర్ల వల్లే. కమిటీ పెద్ద అతనే. "మా పోస్టరు" అంటాడు అందరితో. ఆ మాటలో తనెక్కడుందో వెర్నెల్ చాలాసార్లు వెతుక్కుంది.

నల్లజాతివాళ్ళ పేటలో ఉన్న పోలింగు కేంద్రాన్ని మూసేసి, బస్సు కూడా పోని హైవే అవతలికి మార్చినప్పుడు జనం నీరసించిపోయారు. "పోన్లే, మనమొక్కళ్ళం వెయ్యకపోతే ఏమవుతుంది" అనుకున్నారు. అప్పుడు వెర్నెల్ ఒక ముసలామె అరికాళ్ళు చెక్కింది, పగుళ్ళతో సహా. కింద, 'ఈ కాళ్ళు ఇంతకన్నా దూరం నడిచాయి.' సెలూన్లో, బట్టలుతికే షాపులో, చర్చి తలుపుమీద ఆ అరికాళ్ళు ఎదురయ్యేసరికి మనుషుల్లో ఏదో కదిలింది. కార్లున్నవాళ్ళు లేనివాళ్ళను ఎక్కించుకుని బయల్దేరారు. ఆ కాళ్ళు అత్తగారు ఒలీటావి. "నా మొహం అంత బాగాలేదా, కాళ్ళు గీశావు?" అని ఆవిడ దెప్పింది గాని, ఒకటి తన మంచానికి ఎదురుగా అంటించుకుంది.

ఈసారి పలకమీద ఓటర్ల పొడుగాటి వరస, అందరికన్నా ముందు మడత కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ.

లూషస్ ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు. "పాస్టరుగారి బొమ్మ వెయ్యమంటిని కదే! ఎవరీవిడ?"

"ఓటుకొచ్చినామె."

"సరే, చెరిపేసి ఆయన్ని వెయ్యి."

"పెన్సిలు గీతనుకున్నావా? చెక్కేసింది మళ్ళీ అతకదు."

అతను విసుక్కుని మాట మార్చాడు. "మంగళవారం పోలింగుకు కార్లు నడిపేవాళ్ళకు భోజనాలు నీవే. పోయినసారి నీ కోడి వేపుడు అదిరిందని ఊరంతా ఒకటే గోల. ఈసారి ఇంకాస్త ఎక్కువ చెయ్యి."

కిటికీ దగ్గర బీన్సు తుంపుతున్న ఒలీటా తలెత్తింది. "అవునుగాని పిల్లా, పోయినసారి నువ్వెవరి కారులో వెళ్ళావు? వరసలో నాకెక్కడా కనపళ్ళేదు."

ఉలి ఆగిపోయింది. ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది. తనను తాను కూడా అడుక్కోలేదు. చర్చి వంటగదిలో నూనె పొగ, ఒక కారు వెళ్తే ఇంకో కారు, "ఇంకొక్క వాయి, సిస్టర్!" అంటూ చాచిన పళ్ళేలు. అవన్నీ తీరి చేతులు కడుక్కునేసరికి పోలింగు కేంద్రం తలుపులు మూసేశారు. అందరి కోట్లమీదా 'నేను ఓటేశాను' స్టిక్కర్లు, ఆమె ఏప్రన్‌మీద పిండి. అందరితోపాటు తనూ చప్పట్లు కొట్టింది. ఓటుకు అడ్డం పడేవాళ్ళు ఎక్కడో ఆఫీసుల్లో కూర్చుని ఉంటారనీ, వాళ్ళ మొహాలు తనకు తెలియవనీ అనుకుంటూ వచ్చింది. ఆకలేస్తోందంటూ, ఇంత ఆప్యాయంగా, పళ్ళెం పట్టుకుని కూడా నిలబడతారని తోచలేదు.

"నేను వెయ్యలేదత్తయ్యా."

లూషస్ నవ్వబోయి ఆగాడు. "అదేంటే! చెప్పొద్దూ?"

"నువ్వు అడగొద్దూ?" అంది ఒలీటా.

లూషస్ గొంతు తగ్గించి, "మరి మంగళవారం వంటో?" అన్నాడు.

"పొయ్యి ఎక్కడికీ పోదు. కమిటీలో ఇంతమంది మగాళ్ళున్నారు, వండుకోండి. తలుపులు తీసేసరికి నేనక్కడ ఉంటాను."

కుర్చీలో స్త్రీకి మొహం ఇంకా చెక్కలేదు. వెర్నెల్ ఉలి మొనను గుడ్డతో తుడిచింది.

"అత్తయ్యా, ఆ గోడమీద అద్దం కాస్త ఇలా అందివ్వండి."