దానంతటదే నొక్కుకునే బటన్

లిఫ్టులు బాగుచేసే అతనికి వైర్లతో పని కొత్త కాదు. అయినా ఎలక్ట్రానిక్ సామాన్ల షాపు కౌంటర్ ముందు అరగంట నిలబడిపోయాడు. పాతకాలం వీడియో గేమ్ సెంటర్లలో ఉండేలాంటి నిలువెత్తు ఆటపెట్టె, ప్లైవుడ్డు కోసి తన చేతులతో చేసింది, ఇంట్లో సిద్ధంగా ఉంది. తెర, జాయ్‌స్టిక్, బటన్లు బిగించాడు. బటన్ నొక్కిన సంగతి లోపలి కంప్యూటర్‌కు చేరవేసే బోర్డు ఒక్కటే తక్కువ.

అదంతా అక్క కోసం. చిన్నప్పుడు గేమ్ సెంటర్లో అక్క అడుగుపెట్టిందంటే మొనగాళ్లు కూడా తోక ముడిచేవాళ్లు. కిందటేడు పక్షవాతం వచ్చి ఆమె ఎడమచెయ్యి పడిపోయింది. అప్పట్నుంచీ మాటలు కూడా పొదుపుగా వాడుతోంది.

"ఇది మామూలుదండీ. నొక్కితేనే పలుకుతుంది," అన్నాడు షాపాయన, రెండు బోర్డులు ముందు పెట్టి. "ఇదైతే బటన్ దానంతటదే నొక్కుకుంటూ పోతుంది. జాయ్‌స్టిక్ కదిపితే చాలు."

ఒంటిచేత్తో ఆడే మనిషికి రెండోదే మేలనుకున్నాడు. అక్కను ఒక్కమాట అడగాలని తోచలేదు.

ఆదివారం ఆమెను పెట్టె ముందు కూర్చోబెట్టాడు. తెరమీద విమానం ఆగకుండా గుళ్లు కాలుస్తోంది. స్కోరు చకచకా పెరుగుతోంది. కాసేపటికి ఆమె చెయ్యి తీసేసింది. విమానం కాలుస్తూనే ఉంది.

"ఎవర్రా నొక్కుతోంది?"

"బోర్డే అక్కా. నీకు కష్టం కాకూడదని..."

"అన్నం కలిపి పెడుతున్నారు, జడ వేస్తున్నారు. ఊరుకున్నాను. ఆట కూడా నా బదులు ఆడేస్తే ఇంక నేనెందుకురా?"

గొంతు పెంచలేదు. చెంప పగలగొట్టినా అతనికి అంత మంట పుట్టేది కాదు.

"తప్పయిపోయింది. ఎలా కావాలో నువ్వే చెప్పు."

ఆమె తన కాళ్లవైపు చూసుకుంది. "కుడికాలు బాగానే ఉందిగా. బటన్ నేలమీద పెట్టు, కాలితో నొక్కుతా."

మర్నాడు బోర్డు తిరిగిచ్చేస్తుంటే షాపాయన నొచ్చుకున్నాడు. "దీనికంటే మంచిది దొరకదండీ."

"మంచిదే. మా అక్కకి పనికిరాదు."

మామూలు బోర్డు తెచ్చి, దాన్నుంచి పొడుగాటి వైరు లాగి, కింద చెక్క పెడల్ పెట్టాడు.

మొదటి ఆట నిమిషంలో పోయింది. రెండోది అంతకంటే ముందే. ఆమె నుదుట చెమట పట్టింది. మూడోసారీ విమానం తునాతునకలయ్యేసరికి అతను ఉండబట్టలేకపోయాడు.

"కాస్త ఆగకూడదూ?"

"నువ్వు నోర్మూసుకో. పెడల్ అందట్లేదు. నాలుగు వేళ్ల మేర ఇటు జరుపు."

అతను నేలమీద బోర్లా పడుకుని స్క్రూలు విప్పాడు.

"బిగించడం తర్వాత. పట్టుకో!" అందామె, అప్పటికే ఆట మొదలుపెట్టేసి.

రెండు చేతులా పెడల్ కదలకుండా పట్టుకున్నాడు. తెర కనబడటం లేదు. అక్క పాదం మోపుతున్న బరువు మాత్రం అరచేతులకు తెలుస్తోంది. మొదట తడబడింది. తర్వాత కుదురుకుంది.

"రా, నామీదికే వస్తావుట్రా దరిద్రుడా!" పైనుంచి అక్క ఎవర్నో తిడుతోంది. ఏడాదిగా ఆ గొంతు వినలేదతను. మోచేతులు ఒరుసుకుపోతున్నా కదల్లేదు.