చదును దారి

పొద్దున చాయ్ తాగిన గ్లాసులు చిట్టెమ్మ కడిగి బోర్లించేలోపు వెంకటనర్సయ్య తార్నాక సందులోంచి సైకిల్ బయటికి తీసేవాడు. ఆమె వచ్చి వెనక క్యారియర్ మీద కూర్చునేది. యూనివర్సిటీలో అతను కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరు, ఆమె అక్కడే ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి.

తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీకి పోయే దారి సంగతి అందరికీ తెలిసిందే. ఒంటరిగా పోయేవాళ్లకు అది మామూలు రోడ్డు. ఇద్దరు కలిసి పోతే మాత్రం, ఒకరంటే ఒకరికి ఇష్టముంటే పల్లానికి దిగుతుంది, పడకపోతే ఎత్తుకు ఎక్కుతుంది, రానూ పోనూ కూడా. ప్రేమలో పడ్డ పిల్లలు పెడల్ తొక్కకుండానే దొర్లిపోయేవారు. ప్రొఫెసరూ ఆయన దగ్గర రీసెర్చి చేసే కుర్రాడూ, డిగ్రీ చేతికొచ్చేదాకా రొప్పుతూ నడిచేవారు. ఎక్కబోయే ఇద్దరి మొహాలూ చూడనిదే రిక్షా పేరయ్య బేరమాడేవాడు కాదు. ఆస్తి పంచుకున్న అన్నదమ్ములను ఒకసారి ఎక్కించుకుని నడుం విరగ్గొట్టుకున్నాడు పాపం.

చిట్టెమ్మ దంపతులకు ఆ దారి చదును. పెళ్లయిన కొత్తలో కాస్త పల్లముండేది. పిల్లలు కలగలేదని పోట్లాడుకున్న రోజుల్లో ఎత్తయింది. తర్వాత పోట్లాటలూ ఆగాయి, దారీ చదునైపోయింది.

"మీ జోడీ మంచిగున్నదమ్మా, ఒక్క దినమన్న చెమట పట్టదు" అని పక్కింటి లచ్చమ్మ మెచ్చుకునేది.

చిట్టెమ్మ తలూపేది. ఆమెకు సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. ఉప్పు అయిపోయిందంటే అతను తెచ్చేవాడు, అతనికి జ్వరమొస్తే ఆమె జావ కాచేది. అలవాటు తప్ప తమను కలిపి ఉంచేదేదీ ఆమెకు కనిపించేది కాదు.

ఆ ఏడు వరంగల్‌లో కొత్త హాస్టల్ తెరుస్తుంటే, పెద్ద వంటమనిషిగా పోతావా అని వార్డెనమ్మ అడిగింది. శనివారానికల్లా చెప్పమంది. పోతే ఒక్కతే పోవాలి, మొగుడి నౌకరీ ఇక్కడే.

"ఏమంటవ్?" అని అన్నం వడ్డిస్తూ అతన్ని అడిగింది చిట్టెమ్మ.

"నీ ఇష్టం" అన్నాడు వెంకటనర్సయ్య. కంచం ముందుకు జరిపి, "జర పచ్చడెయ్యి" అన్నాడు.

ఆ వారమంతా ఆమె దారినే కనిపెట్టి చూసింది. కొంచెం ఎత్తున్నా విసుక్కుని వెళ్లిపోయేది. కొంచెం పల్లమున్నా ఉండిపోయేది. దారి ఏ సాకూ ఇవ్వలేదు.

శనివారం పొద్దున క్యారియర్ మీద కూర్చుని, అతని వీపుకే చెప్పింది.

"ఇగో, నేను వరంగల్ పోత."

"పో మరి. గాడ చలి ఎక్కువుంటదట. నా రగ్గు తీస్కపో."

"మరి నీకు?"

"నాకేంది, ఇంకోటి కొనుక్కుంట." కొంత దూరం తొక్కాక అన్నాడు, "నీ చేతి పప్పు యాదికొస్తది, చిట్టీ."

అతను అలా పిలిచి ఎన్నేళ్లయిందో. సైకిల్ ముందుకు ఒరిగింది. అతను తొక్కడం ఆపేశాడు, అయినా చక్రాలు ఆగలేదు. దారి కిందికి, ఇంకా కిందికి దిగిపోతోంది. పడిపోతానేమోనని చిట్టెమ్మ అతని నడుం పట్టుకుంది. అతను నవ్వుతున్నాడని ఆమె చేతులకు తెలిసింది. ఆమెకూ నవ్వొచ్చింది.

నేను పోను, గీడనే ఉంట అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే మళ్లీ పాత అలవాటేనని, దారి అక్కడికక్కడే చదునైపోతుందని ఆమెకు తెలుసు. హాస్టల్ వచ్చేదాకా అతన్ని అట్లాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత సైకిల్ దిగి, వార్డెనమ్మ గదికి పోయి, "పోతనమ్మా" అని చెప్పింది.