గొంతు గుంట నుంచి మడమ దాకా

మా ఇంట్లో ఇద్దరమూ చిత్రకారులమేనని మా ఆయన కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. ఆయన పెద్ద పెద్ద భవనాలకు బయటి గోడల మీద రంగులేసే మేస్త్రి. వారానికి నాలుగంతస్తులు అవలీలగా పూర్తి చేస్తాడు. నేను రోజుకో కాగితం పాడుచేస్తాను. ఆయన దృష్టిలో రెండూ ఒకటే వృత్తి.

నా అసలు ఉద్యోగం చొక్కాల ఫ్యాక్టరీలో తనిఖీ. కాలరు కొసలు రెండూ సమానంగా ఉన్నాయా, జేబు తిన్నగా కుట్టారా, భుజాల కుట్టు ఒక పక్కకి లాగుతోందా చూడాలి. వంకర కనిపిస్తే ఎర్ర దారం కట్టి పక్కన పడేయాలి. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. పెళ్ళిళ్ళకు వెళ్ళినా పెళ్ళికొడుకు మొహం చూడను, కాలరు చూస్తాను.

రెండేళ్ళ కిందట మా అమ్మ పోయింది. నాకు ఏడుపు రాలేదు. నాలుగో రోజు పనికి వెళ్ళాను. ఆ రోజు నా బల్ల మీద ఒక్క తప్పు కూడా దాటిపోలేదని సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు. మా అక్క మాత్రం "రాయివే నువ్వు" అంది. నాకు ముక్కు మీద కోపం, ఊరందరికీ తెలుసు. ఆ మాటకి మాత్రం కోపం కూడా రాలేదు. అన్నం తింటున్నాను, నిద్ర పడుతోంది, ఎవరైనా జోకు చెబితే నవ్వాల్సిన చోట నవ్వుతున్నాను. కానీ ఏదీ నాదాకా రావట్లేదు. రబ్బరు చేతొడుగు వేసుకుని గిన్నెలు తోమినట్టుంది. నీళ్ళు వేడో చల్లనో తెలియదు, గిన్నె మాత్రం శుభ్రపడుతుంది.

అక్కే నన్ను లైబ్రరీ మేడ మీద జరిగే బొమ్మల క్లాసులో చేర్చింది. వారానికొకసారి, మంగళవారం సాయంత్రం. నేర్పేవాడు ఒక రిటైరైన మాస్టారు. ఏది చెప్పినా ముందు గాలిలో గీత గీసి చూపిస్తాడు కాబట్టి అందరూ గీతల మాస్టారు అంటారు. మొదటిరోజే తన షరతులు చెప్పేశాడు. రోజూ ఒక మనిషిని వెయ్యాలి. పది నిమిషాలు, అంతకు మించి వద్దు. ముఖం వెయ్యకూడదు. కింద తేదీ రాయాలి. ఒక్కరోజు కూడా మానకూడదు.

"ముఖం వెయ్యడం అందరూ నేర్చుకుంటారమ్మా. మనిషి ఎలా నిలబడతాడో చూడటం నేర్చుకో, ముందు" అన్నాడు.

మా ఇంట్లో నిలబడేది మా ఆయన ఒక్కడే. పొద్దున ఆరున్నరకి వెనక గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడి, ఎదురింటి గోడ కేసి చూస్తూ, దాని రంగు ఎవడు వేశాడోగానీ వాడికి పని రాదని రోజూ తిట్టుకుంటాడు. సరిగ్గా పది నిమిషాలు. నేను వంటగది స్టూలు మీద కూర్చుని వీపు గీసేదాన్ని.

మొదటి బొమ్మ చూసి ఆయన, "ఇదెవరే, సిమెంటు బస్తానా?" అన్నాడు.

రెండో నెలకి బస్తాకి కాళ్ళొచ్చాయి. మూడో నెలకి మోచేయి మోచేయిలా ఒంగింది. నాలుగో నెలలో ఒక పొద్దున, బరువంతా ఒక కాలి మీద వేస్తే ఆ పక్క నడుము పైకి లేస్తుందని, భుజం కిందికి దిగుతుందని నా కంటికే దొరికింది. ఎవరూ చెప్పకుండా దొరికింది. సంతోషం వెయ్యాలని తెలుసు. వెయ్యలేదు. అయినా మర్నాడు మళ్ళీ గీశాను.

ఆ మంగళవారం మాస్టారు నా పుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగాడు. పెన్సిలు నిలువుగా పట్టుకుని ఒక కన్ను మూశాడు.

"గొంతు గుంట నుంచి కిందికి ఒక గీత వదులు. నిలబడ్డ మనిషికి ఆ గీత బరువు మోస్తున్న మడమ మీద పడాలి. వీపు వైపు నుంచైనా అంతే, మెడ ఎముక నుంచి చూసుకో. నీది చూడు, పాదం దాటి బయట పడుతోంది. ఈ మనిషి నిలబడలేడమ్మా, పడిపోతాడు."

"ఆయన అలాగే నిలబడతారండీ" అన్నాను.

"అందరూ అదే మాట అంటారు. కన్ను మోసం చేస్తుంది. సూత్రం మోసం చెయ్యదు."

వంకర ఉంటే పక్కన పడేయడమే వృత్తిగా ఉన్నదాన్ని. మాస్టారి మాట నాకు శిలాశాసనం. మర్నాటి నుంచి ముందు కనిపించినట్టు గీసి, తర్వాత రబ్బరుతో చెరిపి, మా ఆయన్ని ఎడమకి జరిపి నిలబెట్టేదాన్ని. మొదట్లో ఒక గీత మందం జరిపితే సరిపోయేది. పోనుపోను ఎక్కువ జరపాల్సి వచ్చింది. నా చూపే పాడవుతోందనుకుని కళ్ళజోడు మార్పించాను. కొత్త కళ్ళజోడుతో ఆయన ఇంకా ఎక్కువ ఒరిగి కనిపించాడు. దాన్నీ దిద్దాను. అలా ఐదు నెలలు.

మాస్టారు ఎంత మురిసిపోయాడో. నా బొమ్మ ఒకటి క్లాసు గోడకి గుచ్చి, "రోజూ వెయ్యడమంటే ఇదీ" అని అందరికీ చూపించాడు. ఆ మనిషి స్తంభంలా నిలబడి ఉన్నాడు.

ఆ తర్వాత మూడో వారం మా ఆయన పడ్డాడు. పై అంతస్తు నుంచి కాదు. పని మొదలుపెట్టబోతూ, మనిషెత్తు కూడా లేని పరంజా పలక మీద నుంచి. కుడి చీలమండ విరిగింది. ఫ్యాక్టరీకి ఫోను వస్తే చేతిలో ఉన్న చొక్కా చూడటం పూర్తిచేసి, మడతపెట్టి, అప్పుడు బయల్దేరాను. దీనికి ఇప్పుడు సిగ్గేస్తోంది. అప్పుడు వెయ్యలేదు.

ఏడు వారాలు కట్టు. ఆ ఏడు వారాలూ కుర్చీలో కూర్చున్న మనిషినే గీశాను. కూర్చున్నవాడు ఎటు ఒరుగుతాడో ఏం తెలుస్తుంది? కట్టు విప్పాక ఒక పొద్దున ఆయన మళ్ళీ వెనక గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడ్డాడు. నేను పుస్తకం తీశాను. కుడి భుజం గీశాను, కుడి నడుము గీశాను, పెన్సిలు ఆగిపోయింది.

విరిగింది కుడి కాలు. విరిగిన కాలి మీద ఎవడూ బరువు వెయ్యడు. కుంటివాడైనా, కుంటినట్టు నటించేవాడైనా మంచి కాలి మీదే నిలబడతాడు. మా ఆయన కుడికే ఒరిగి ఉన్నాడు. ఒంటికి తెలియకుండానే ఒరుగుతున్నాడు. నా కన్ను ఎప్పుడూ మోసం చెయ్యలేదు.

అర్థమైంది. అర్థమవడం వేరు, అనిపించడం వేరు. లోపల ఏమీ కదల్లేదు. మామూలు గొంతుతోనే అడిగాను.

"మీరు కుడి పక్కకి ఒరుగుతున్నారు, తెలుసా?"

"నేనా? నీ పుస్తకమే చూడవే. ఇనప కడ్డీలా ఉన్నాను." గ్లాసు కింద పెట్టి ఛాతీ విరుచుకున్నాడు. "సోమవారం నుంచి కొత్త భవనం, పదకొండంతస్తులు. పైనుంచి తాళ్ళతో దించే పలక మీద పని. డాక్టరు ఒక్క కాగితం రాసిస్తే చాలు."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ మొండితనాన్ని వంచాలంటే నేను ఒక్క మాట చెప్పాలి. మీరు ఒరిగారు, నేను చూశాను, చూసి చెరిపేశాను. మూడు రోజులు అన్నం వడ్డించాను, బట్టలు ఉతికాను, ఆ మాట చెప్పలేదు.

శనివారం ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. వయసు తక్కువ ఆవిడ, పని మాత్రం చకచకా చేస్తుంది. ఎక్స్‌రే చూసి, చీలమండ అటూ ఇటూ తిప్పి, నాలుగడుగులు నడిపించి, "ఎముక బాగా అతుక్కుంది. ఇంతకీ ఎలా పడ్డారు? కళ్ళు తిరిగాయా?" అని అడిగింది.

"లేదండీ, పలక తడిగా ఉంది. కాలు జారింది."

"అంతకుముందెప్పుడైనా తూలడం, ఒక పక్కకి లాగినట్టుండటం?"

మా ఆయన ఆ ప్రశ్న కోసమే వచ్చినట్టు సంచీలోంచి నా పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడు పెట్టుకున్నాడో నాకు తెలియదు. "మా ఆవిడ రోజూ నా బొమ్మ వేస్తుందండీ. ఒక్క రోజు మానలేదు. తేదీలు కూడా ఉన్నాయి, చూసుకోండి. ఎక్కడైనా తూలానేమో!"

ఆ గొంతులో గర్వం ఉంది. పన్నెండేళ్ళ కాపురంలో నా గురించి ఒకరి ముందు అలా మాట్లాడటం నేను వినలేదు.

డాక్టరు పేజీలు తిప్పింది. ఐదు నెలల పాటు గీసిన మగమనిషి వీపు, నిటారుగా. "చాలా బాగా వేశారండీ" అని నాతో అంది. పుస్తకం మూసి, కాగితం లాక్కుని, పెన్ను మూత తీసింది.

అప్పుడు భయమేసింది. రెండేళ్ళలో నాదాకా వచ్చిన మొదటిది అదే. పదకొండంతస్తులు, తాళ్ళ మీద పలక, నేను రబ్బరుతో జరిపి నిలబెట్టిన మనిషి.

"రాయకండి డాక్టరుగారూ" అన్నాను. "అవి నేను దిద్దిన బొమ్మలు. ఈయన అలా నిలబడరు."

మా ఆయన నా వైపు చూశాడు. "పిచ్చెక్కిందా నీకు?"

"రెండు నిమిషాలు అటు తిరిగి నిలబడండి. అంతే అడుగుతున్నా."

కోపంగానే లేచాడు. కిటికీ వైపు తిరిగి, కవాతులో సిపాయిలా బిగుసుకుని నిలబడ్డాడు. నేను కొత్త పేజీ తీశాను. మొదటి నిమిషం ఆయన నిటారుగానే ఉన్నాడు. అలాగే గీశాను. నిమిషం దాటాక బిగువు సడలింది. భుజం దిగింది. మెడ దాని వెనకే వెళ్ళింది. ఆయనకి తెలియలేదు, పాపం, కిటికీలోంచి కింద రోడ్డు చూస్తున్నాడు. మొదటి గీత మీదే రెండో గీత గీశాను. ఎడమకి జరపలేదు. మూడొందల రోజుల్లో నా చెయ్యి అంత తొందరగా, అంత సరిగ్గా ఎప్పుడూ పోలేదు. ఆ సంగతి తెలుస్తూనే ఉంది, నా మీద నాకే అసహ్యమేసింది.

డాక్టరు బొమ్మ చూడలేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి మా ఆయన్నే చూస్తూ నిలబడింది. కళ్ళు మూసుకోమంది. మూసుకోగానే ఆయన తూలాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంది.

పెన్ను మూత పెట్టేసి, "ఇది నా పని కాదండీ. నరాల డాక్టరుకి రాస్తున్నాను. అప్పటిదాకా నేల మీదే ఉండండి" అంది.

ఇంటికొచ్చి మా ఆయన చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని అడిగాడు.

"ఎప్పటినుంచి?"

"పడటానికి ఐదు నెలల ముందు నుంచి."

"కనిపించిందా నీకు? రోజూ?"

"కనిపించింది. బొమ్మ తప్పనుకున్నా. చెరిపేశా."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. తల వంచుకుని చేతులు చూసుకున్నాడు. ఇన్ని రోజులుగా పని లేక గోళ్ళ సందుల్లో రంగు కూడా పోయింది.

"నాకు కిటికీ అంచులు వంకరగా కనిపించేవే" అన్నాడు. "తిన్నగా గీత లాగుతుంటే పక్కకి పోయేది. గోడే వంకరగా కట్టారనుకున్నా. తాపీవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టా. ఒకడితో కొట్టుకోబోయా కూడా."

ఆడలేనమ్మ మద్దెల ఓడందట, ఆ సామెత నాలుక చివరిదాకా వచ్చింది. మామూలు రోజైతే అనేసేదాన్ని, ఆయనా నవ్వేసేవాడు. అనలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది. మా అమ్మకి రానిది కూడా అందులోనే కలిసి వచ్చినట్టుంది. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఆయన లేచి వచ్చి నా పక్కన నిలబడి, "ఊరుకోవే, ఇంకా పోలేదుగా నేను" అన్నాడు.

నరాల డాక్టరు ఇరవై రోజుల తర్వాత రమ్మన్నాడు. ఆ ఇరవై రోజులూ ఆయన పొద్దున్నే గుమ్మంలో నిలబడుతూనే ఉన్నాడు, నేను గీస్తూనే ఉన్నాను. ఎదురింటి గోడని మాత్రం తిట్టడం మానేశాడు. పన్నెండో రోజున వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఎంత ఒరిగానే?"

పాత పేజీలు పక్కన పెట్టుకుని పోల్చి చూశాను. అబద్ధం చెప్పొచ్చు. ఆయనకి కనిపించదు కూడా.

"పోయిన వారం కన్నా కొంచెం ఎక్కువ" అన్నాను.

"సరే" అన్నాడు. గ్లాసు ఎడమ చేతికి మార్చుకుని, కుడి చెయ్యి గుమ్మానికి ఆనించుకున్నాడు. ఆయన కదిలేసరికి కాలి గీత పాడైంది, చెరపలేదు. కింద తేదీ వేశాను.