వేళ్ళు పైకి

అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలు నావి. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే చదివేవాళ్ళు సర్దుకోవాలి. రాత కూడా నెమ్మది, పేజీకి ఒక పూట పడుతుంది. మలేసియా రబ్బరు తోటలో నాతోపాటు కూలి చేసిన అసిరమ్మ సంగతి ఇంకెవరూ రాసేలా లేరు కనక రాస్తున్నాను.

తెల్లగా తెల్లారేసరికే అసిరమ్మ సగం వరస నాటేసింది. కుడిచేతి బొరిగెతో నేలలో చీలిక తీసేది. ఎడమచేత్తో జానెడు గడ్డితీగ అందులో పడుకోబెట్టేది. కణుపు మట్టిలోకి దిగేలా బొటనవేలితో అదిమేది. మోకాళ్ళమీద ముందుకి జరిగేది. మళ్ళీ చీలిక.

సన్నటి మనిషి. ఎండకి కమిలి కమిలి ఒళ్ళు వక్కచెట్టు బెరడులా అయిపోయింది. చీరమీద చనిపోయిన మొగుడి పొడుగుచేతుల చొక్కా, తలకి తువ్వాలు. రెండు చేతుల చూపుడువేళ్ళూ లోపలికి వంగి ఉండేవి, ఎప్పుడూ ఏదో పట్టుకున్నట్టు. నిద్రలో కూడా చాచుకునేవి కావు.

చుట్టూ నేల గుండు కొట్టించిన తలలా ఉంది. మొన్నటిదాకా అది రబ్బరు తోట. చెట్లు కొట్టేశారు, మొద్దులు మిషనుతో పెకలించి తగలబెట్టారు, కూలీలుండే గదుల లైన్లు పడగొట్టారు. మిగిలింది చివరి లైనులో ఒక్క గది. అందులో పారలూ తట్టలూ ఉండేవి, వాటి పక్కన అసిరమ్మ ఉండేది. తోట మూసేసినప్పుడు పౌరసత్వపు నీలం కార్డు ఉన్నవాళ్ళకి టౌనులో ఫ్లాట్లు ఇచ్చారు. ఆమెది పౌరులు కానివాళ్ళకిచ్చే ఎర్ర కార్డు. ఈ తోటలోనే పుట్టానని ఆమె చెప్పిన మాటకి సాక్ష్యం చెప్పగలిగినవాళ్ళంతా అప్పటికే పోయారు.

నేల కొన్న చీనా షావుకారు, యాప్ తౌకే, నడుమ ఇల్లు కడతానన్నాడు. ఇంటి చుట్టూ కనుచూపు మేర పచ్చగా ఉండాలన్నాడు గానీ, నర్సరీవాళ్ళ తివాచీ గడ్డి ధర విని నవ్వేశాడు. "అంత పెడితే గడ్డిమీదే పడుకోవాలి, ఇల్లు కట్టుకోడానికి ఏం మిగలదు" అన్నాడు. అందుకని రోడ్డు గట్లమీద ఊరికే పెరిగే ఆవుగడ్డి పీక్కొచ్చి నాటిస్తున్నాడు. వెడల్పాకు గడ్డి. నీళ్ళు పోయక్కర్లేదు, ఎరువు అడగదు, పైకి లేవదు, నేలమీదే పాకుతుంది. వానలకి ముందు నాటితే చాలు.

గడ్డి ఎక్కడా బోడి మచ్చ లేకుండా పట్టుకుంటే ఆ గది ఉంచేస్తాననీ, గడ్డి చూసుకోడానికి ముసలమ్మని ఉండనిస్తాననీ తౌకే ఒకసారి అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ అసిరమ్మ ఆదివారం కూడా మానలేదు.

సూరప్పడు మోటారు సైకిలు గట్టుమీద ఆపి దిగాడు. నాట్ల కంట్రాక్టు వాడిదే, ఆ రోజు సంగతి తర్వాత నాకు చెప్పిందీ వాడే. వాడి తల్లీ అసిరమ్మా ఒకే కలుపు గేంగులో పనిచేసినవాళ్ళు, ఆమెని అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచేవాడు.

"ఏటప్పా, రాత్రి ఇక్కడే తొంగున్నావేటి?"

"నువ్వొచ్చేదాకా కూకుంటే గడ్డికి పెళ్ళీడొచ్చేస్తాది."

"తిన్నావా?"

"నువ్వు తెచ్చినావా?"

వాడు ఆకు పొట్లం చేతికిచ్చాడు. కొబ్బరిపాల అన్నం, వేపిన నెత్తళ్ళు, కారం. ఆమె నెత్తళ్ళు సగం తీసి పొట్లంలోనే ఒక మూలకి నెట్టింది, సాయంత్రానికి. సూరప్పడు అటు తిరిగి నాటిన వరసలు చూసుకుంటూ లైన్ల వైపు నడిచాడు.

కాసేపటికి అక్కడినించే కేకేశాడు. "అప్పా! ఇలా రా ఒకపాలి."

"పని మద్దిలో పిలవకురా."

"పని కాడికే పిలుస్తన్నాను. రా."

పడగొట్టిన లైన్లకీ ఆమె గదికీ మధ్య ఒక పెద్ద చాప పరిచినంత మేర నేల ఎర్రగా ఉంది. అటూ ఇటూ వరసలు చిగురేశాయి. ఇక్కడ మాత్రం ఉత్త మట్టి. వరసల చివర చిన్న చిన్న కుప్పలు, ఒక్కొక్కటీ బోర్లించిన గిన్నె అంత. ప్రతి కుప్పలోనూ వేళ్ళు పైకి, ఆకులు కిందకి.

"ఇదేటి?"

"లాలాంగు కలుపు. సందేళ పీకినాను. ఎలా మొలిసిందో సూడలేదు నువ్వు, కత్తులు పాతినట్టు."

సూరప్పడు కుప్పలోంచి పిడికెడు తీసి విదిలించాడు. లాలాంగు ఆకులు రెండో మూడో ఉన్నాయి. మిగతాదంతా ఆవుగడ్డి. కణుపు కణుపుకీ తెల్లటి పీచువేళ్ళు వేసి, అప్పుడే పట్టుకుంటున్న గడ్డి.

"నువ్వు నాటిందే, అప్పా. నువ్వే పీకేసినావు."

"నానా? నానెందుకు పీకుతాను? నాకు పిచ్చేటి?"

"మరెవులు? పందులొచ్చి పీకి, వేళ్ళు పైకెట్టి, కుప్పలు పేర్సి ఎల్లిపోనాయా?"

అసిరమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. తన చేతులకేసి చూసింది, అవి వేరెవరివో తెచ్చి తనకి తగిలించినట్టు.

ఆ చేతులకి నాటడం కొత్త. పీకడం పాత. పావడా కట్టే వయసులో తల్లి వెనకాల కలుపు గేంగులోకి వచ్చింది. అప్పట్లో దొర చేతికర్రతో చెట్టు చెట్టు కిందా పొడుచుకుంటూ నడిచేవాడు. పచ్చటి పరక ఒక్కటి కనపడితే ఆ పూట పని లెక్కలో పడేది కాదు. లాలాంగు వేరు గోరంత మిగిలినా మళ్ళీ లేస్తుంది కనక, పీకిన ప్రతిదీ వేళ్ళు సూర్యుడికి చూపించి కుప్ప వెయ్యాలి. అది తల్లి నేర్పింది. మంత్రసాని చేతిలోకి వెళ్ళిన బిడ్డ ఏడవకుండానే పోయిన రోజుల్లో, బాలింత గుడ్డలతోనే వచ్చి పీకింది. రబ్బరు పాలు గీసే మొగుడు లచ్చయ్య ఆయాసంతో మంచం పట్టిన రెండు వానాకాలాలూ పీకింది. అతన్ని కాల్చొచ్చిన మర్నాడు కూడా పీకింది. కళ్ళు ఎటు చూస్తున్నా, నోరు ఏం మాట్లాడుతున్నా, వేళ్ళు పచ్చటిది తగిలితే మొదలు పట్టుకుని లాగేవి. సందేళ చీకట్లో లాలాంగు కోసం కూచున్నప్పుడు పక్కగదుల వాళ్ళు ఎవరెవరు ఎక్కడ పడుకునేవారో తలుచుకుంటూ ఉంది. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి.

"తౌకే ఈ పూటే వస్తన్నాడు" అన్నాడు సూరప్పడు.

"నాటేస్తాను. బేగి నాటేస్తాను."

"ఎంతని నాటుతావు? కూకో. నాను సెప్తానులే ఏదోటి."

ఆమె కూచోలేదు. కుప్పలు విప్పి, వాడిన తీగలు ఏరి, ఉన్నవాటిని ఉన్నట్టే మట్టిలో పెట్టడం మొదలుపెట్టింది. చీలికలు వంకర పోయాయి.

తౌకే కారు పొద్దెక్కాక వచ్చింది. పొట్టి నిక్కరు, గడ్డి టోపీ, చేతిలో చల్లటి టీ పోసిన ప్లాస్టిక్ సంచి. నాటినంత మేరా తీరిగ్గా తిరిగాడు. వంగి ఒక తీగ లాగి చూశాడు, రాలేదు. మొహం వికసించింది. ఎర్ర మచ్చ దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఇక్కడేమైంది?"

"అడవి పందులు, తౌకే" అన్నాడు సూరప్పడు మలాయిలో.

అసిరమ్మ బొరిగె ఆపి, తల వంచుకునే ఉంది.

తౌకే నవ్వాడు. "పందులు పీకనీ, ఏనుగులు తొక్కనీ. ఇది చచ్చే రకం కాదోయ్. నాలుగు వానలు పడితే పక్కలనించి అదే పాకి పూడ్చేస్తుంది. అందుకే కదా దీన్ని పెట్టించాను. మనిషి అక్కర్లేని గడ్డి."

"మరి చూసుకోడానికి ఈ ముసలి ఆచీని ఉంచుతానన్నారు కదా..." అన్నాడు సూరప్పడు.

"ఏం చూస్తుంది? పెరగడం చూస్తుందా? మిషనువాడు అప్పుడప్పుడూ వచ్చి కోసిపోతాడు." టీ సంచి గొట్టం నోట్లో పెట్టుకుని గదికేసి చూశాడు. "అన్నాను, అనలేదని చెప్పను. ఇంత బాగా పట్టుకుంటుందని అప్పుడు తెలీదు. గేటు అక్కడే రావాలి. వానలు మొదలయ్యేలోగా గది తీయించెయ్." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆచీ చెయ్యి మంచిదని చెప్పు. అలాంటి చెయ్యి అందరికీ ఉండదు."

చెప్పక్కర్లేదు. ఆమెకి మలాయి వచ్చు.

కారు వెళ్ళాక సూరప్పడు సిగరెట్టు వెలిగించుకున్నాడు, ఆర్పేశాడు.

"మా ఇంట్లో మా ఆడదాని తల్లి ఉంది. తమ్ముడు ఉన్నాడు. లేకపోతే..."

"నాను అడిగినానా?"

"గుడికాడ ముసలోళ్ళని సూసే ఆశ్రమం ఒకటుంది. అడగమంటావా?"

"అక్కడ కలుపు ఉంటాదా?"

ఆమె మొహంలో నవ్వు ఉందో లేదో వాడికి తెలియలేదు.

"ఇవి సాలవు" అంది, కుప్పలు చూపించి. "సగం సచ్చిపోనాయి. రోడ్డు కాడ తడివి ఉంటే తే."

"ఇంకా ఎందుకే అప్పా? అదే పూడుకుంటాదని ఆ బాబే అన్నాడు కదా."

"పీకింది నాను. నానే ఎట్టాల."

మధ్యాహ్నం సూరప్పడు రోడ్డు గట్టునించి తీగలు కోయించి, గోనెసంచిలో కుక్కి, కాలవలో ముంచి లారీలో తెచ్చాడు. నీళ్ళు కారుతున్న సంచిని ఎర్ర మచ్చ పక్కన దించాడు. ఆమె తల ఎత్తకుండానే మూతి విప్పి ఒక పిడికెడు లాక్కుంది. ఈసారి చీలికలు తిన్నగా పడ్డాయి.

వాన దక్షిణం నించి ఒక్క ఊపున వచ్చింది. సూరప్పడు లారీ కింద దూరాడు. "అప్పా, వచ్చేయ్! తడిసి సస్తావు!" అని రెండుసార్లు అరిచాడు. ఆమె చెయ్యి విసిరింది, వస్తానన్నట్టో పొమ్మన్నట్టో. ఆ తర్వాత వాన తెరలోంచి వంగిన వీపు మాత్రం కనిపిస్తూ ఉంది. నాటుకుంటోంది అనుకున్నాడు.

వాన తెరిపిచ్చాక చూస్తే వీపు ముందుకి జరగలేదు. దగ్గరికి నడిచాడు. నుదురు మట్టికి ఆనించి ఉంది, మొక్కుకుంటున్నట్టు. బొరిగె చీలికలో నిలబడి ఉంది. ఎడమ బొటనవేలి కింద తీగ ఒకటి, కణుపుదాకా మట్టిలో. చొక్కా వీపుకి అతుక్కుని వెన్నుపూసలు ఒక్కొక్కటే కనబడుతున్నాయి. సూరప్పడు పేరు పెట్టి పిలిచాడు. తర్వాత పక్కన కూలబడి, తనకి తెలియకుండానే ఆమె చేతికంటిన మట్టి కడగసాగాడు, గుంతలో నిలిచిన నీళ్ళతో.

పాత తోటవాళ్ళు పదిమందీ లేరు కాల్చడానికి వచ్చింది. మరుసటి వారం గది తీసేశారు. అక్కడ గేటు పెట్టారు. వానలు బాగా పడ్డాయి. తౌకే చెప్పినట్టే అంతా కమ్ముకుంది. ఎర్ర మచ్చ ఎక్కడ ఉండేదో, ఆమె నాటిన వరస ఎక్కడ ఆగిపోయిందో, దానంతటది పాకింది ఎక్కడ మొదలైందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఆ గోనెసంచిని మాత్రం ఆ హడావిడిలో ఎవరూ తియ్యలేదు. మిషనువాడు మొదటిసారి కోతకి వచ్చినప్పుడు ఎత్తబోయాడట, లేవలేదట. లోపలి తీగలు గోనె పోగుల్లోంచి కిందకి వేళ్ళు దించి, పైకి ఆకులు తీశాయి. అతను దాన్ని వదిలేసి చుట్టూ తిప్పి కోస్తాడు. అంత చదునులో అదొక్కటే ఎత్తుగా, మూతి సగం తెరుచుకుని, పచ్చగా ఉంది.

గొర్లె దాలెమ్మ, డెబ్భై మూడేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది తెలుక్ ఇంతాన్‌లో, కూతురి ఫ్లాటులో.