తీగకు అడ్డమైన తాటిచెట్టు

కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే తోవలో, సురేందర్ పొలం గట్టు మీద ఒక తాటిచెట్టు ఉంది. భూమి సురేందర్‌ది. చెట్టు గీసి కల్లు తీసే హక్కు కొమురెల్లిది. గౌడ సంఘం పంచి ఇచ్చిన చెట్టును భూమి గల ఆసామి కూడా ముట్టడు. ఊళ్ళో అది ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు.

దుబాయి నుంచి తిరిగొచ్చిన సురేందర్ ఆ పొలంలో, రోడ్డు పక్కన, కరెంటు కార్లకు చార్జింగ్ స్టేషన్ పెట్టబోయాడు. కంపెనీ మనిషి జగిత్యాల నుంచి వచ్చి తీగలు లాగే దారి కాగితం మీద గీశాడు. గీత సూటిగా చెట్టు మీదుగా పోయింది. చెట్టు సురేందర్‌దే అనుకున్నాడు ఆయన.

“కొమురన్నా, గా చెట్టు ఇడిచిపెట్టరాదే. కొట్టేపిచ్చుకుంట. నువ్వు ఎక్కక రెండేండ్లాయె,” అన్నాడు సురేందర్.

“రేపటి సంది ఎక్కుతున్న.”

భార్య దేవవ్వ పోయాక కొమురెల్లి ఆ చెట్టు జోలికి పోలేదు. చెట్టు కింద కూర్చుని కల్లు అమ్మింది ఆమే. కొమురెల్లి పోయి సంఘం పెద్ద రవీందర్‌ను అడిగితే ఆయన ఒక్క మాట చెప్పాడు. “గీస్తే నీది. గీయకుంటే సంఘానిది.”

కొమురెల్లి మోకు దులిపాడు, కత్తి నూరాడు, చెట్టెక్కాడు. కల్లు మీద ఆశ లేదు. సురేందర్ పని ఆగాలి. అంతే.

పైనుంచి అంతా కనబడేది. రేకుల షెడ్డు నీడలో సురేందర్, అతని భార్య సరిత ఒకే టిఫిన్ డబ్బాలో తినేవాళ్ళు. ఆమె ఏదో అనేది, అతను నవ్వేవాడు. పెళ్ళాన్ని ఇక్కడ వదిలి పదేళ్ళు దుబాయిలో ఉన్నవాడికి పెళ్ళాం మిగిలింది. ఊరు దాటని తనకు మిగలలేదు. అది కొమురెల్లికి మింగుడుపడలేదు. కత్తి గెలను కావలసినదానికంటే లోతుగా కోసేది.

కొన్నాళ్ళు పని ఆగింది. చివరికి సురేందర్ ఇంకో రెండు స్తంభాలు వేయించి, తీగలను పక్క నుంచి తిప్పుకున్నాడు.

“నువ్వే గెలిచినవ్ పో కొమురన్నా,” అని నవ్వాడు. ఆ నవ్వుకే కొమురెల్లికి ఒళ్ళు మండింది.

స్టేషన్ మొదలైంది. కారుకు కరెంటు ఎక్కేదాకా మనుషులు ఊరికే కూర్చోవాలి. ఒకనాడు సిరిసిల్ల పోయే కుటుంబం దిగింది. వెనక సీట్లోని ముసలాయన మెడ ఎత్తి చెట్టును చూశాడు.

“అన్నా!” అని చెట్టు మీది కొమురెల్లిని కేకేశాడు సురేందర్. “పెద్దమనిషి తాటికల్లు అడుగుతుండు. ఓ లొట్టి దించు. ఇగ దినాం గిట్లనే గిరాకి నీకు!”

కొమురెల్లి దిగాడు. “లేదు.”

“ఏంది లేదు? నడుముకు నిండు లొట్టి యాలాడవట్టె!”

కొమురెల్లి ఆ కల్లుకుండ విప్పి చెట్టు మొదట్లో బోర్లించాడు. నురగ మట్టిలో ఇంకింది. ముసలాయన నోరు తెరిచి చూశాడు.

సరిత చేతిలో డబ్బాతో పరుగున వచ్చింది. “గిదేం పని అన్నా? దేవక్క ఉంటే గిట్ల పారవోయనిచ్చునా?”

“ఆమె పేరు నీ నోట రావద్దు.”

ఆ రోజు నుంచి అతను చెట్టెక్కలేదు. ఆ కల్లు అమ్మితే సురేందర్ పెట్టింది తిన్నట్టే. రవీందర్ అడిగితే, “నాకొద్దు. కొట్టేయుండ్రి,” అన్నాడు.

“తీగలు పక్కకు పోయినయి, ఇగ కొట్టుడెందుకురా? మా పిల్లగాడు వినోద్ అడుగుతుండు. ఆనికిస్తం.”

వినోద్‌కు కొత్తగా పెళ్ళయింది. అతను పైనుంచి లొట్టి దించితే కింద అతని భార్య శ్వేత అందుకుంటుంది. దేవవ్వ కూర్చున్న చోటే కూర్చుని కార్లలో వచ్చినవాళ్ళకు పోస్తుంది. సరిత తన డబ్బాలోది ఆమెకూ ఇంత పెడుతుంది.

కొమురెల్లి ఇప్పుడు కోరుట్లకు పొలం గట్ల మీదుగా చుట్టు తిరిగి పోతాడు. ఎందుకని అడిగితే ఒకటే మాట.

“గా తొవ్వల కార్లు ఎక్కువైనయ్.”