అడుగులు చెరిపే తివాచీ

పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఇసుక మీద తన అడుగుల్ని గాలే చెరిపేస్తోందనుకుంది కొత్తకోడలు. చెరిపేస్తున్నది గాలి కాదు, కట్టుకున్న మొగుడు. ఆ సంగతి తెలిసేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

వాళ్ళింటి వెనకే రెండు పెద్ద ఇసుకదిబ్బలు. వాటి మధ్య పల్లంలోంచి నడిస్తే అవతల బజారు. అత్తగారు అక్కడ దర్జీ కొట్లో బట్టలు కుడుతుంది. కోడలు ఆ పక్కనే మందుల షాపులో కూర్చుంటుంది. పొద్దెక్కీ ఎక్కకముందే అత్తాకోడళ్ళిద్దరూ చెప్పులు చేత్తో పట్టుకుని ఆ పల్లంలోంచి పోతారు. ఆ నడకంటే కోడలికి ప్రాణం. అరికాళ్ళ కింద ఇసుక కుండలో నీళ్ళంత చల్లగా ఉంటుంది. పురుగులు పాకిన దారులు సన్నటి కుట్టులా కనిపిస్తాయి. అత్తగారు తల వంచి పేపరు చదివినట్టు ఇసుకని చదువుతుంది.

"ఇవి బడిపంతులు బూట్లు. ఇవాళ లేటయినట్టుంది, ఎలా పరిగెత్తాడో చూడు, ఒక్క అడుగూ తిన్నగా లేదు."

సాయంత్రం మొగుడు ఎదురొస్తే కోడలు అతని అడుగు పక్కనే తన అడుగు పెట్టి, "నీది పాదమా, పడవా?" అని పగలబడి నవ్వేది. తెల్లారేసరికి ఆ అడుగుల జంట ఉండేది కాదు. పాడు గాలి అని ఆమె తిట్టుకుంటుంటే, "గాలికేం తెలుసు పాపం" అని అతను కూడా వంత పాడాడు.

అతను దిబ్బ పక్కనున్న లాడ్జిలో జీపు డ్రైవరు. ఒకరోజు తెల్లవారుజామున మఫ్లరు మరిచిపోయి వెళ్ళాడు. చలికి వణుకుతాడేమోనని కోడలు అది పట్టుకుని వెనకాలే పరిగెత్తింది. పల్లంలో జీపు మెల్లగా కదులుతోంది. దాని వెనక తాడుతో కట్టిన పాత తివాచీ, బరువుకి పైన రెండు టైర్లు. అది పోయిన మేరా ఇసుక ఇస్త్రీ చేసినట్టు సాఫయిపోతోంది. నిన్న సాయంత్రపు జంట అడుగులు ఆమె కళ్ళముందే మాయమయ్యాయి.

"ఏం చేస్తున్నారు శ్రీవారూ?"

ప్రేమగా ఉంటే ఆమె అతన్ని నువ్వు అంటుంది, కోపమొస్తే మీరు. శ్రీవారూ అందంటే ఇక దేవుడే దిక్కు. అతను గతుక్కుమని జీపు ఆపాడు.

"ఉద్యోగం."

"నా అడుగులు తుడవడమా?"

"నీవొక్కటే కాదు, అందరివీ. మనిషి అడుగు పడని ఎడారి అని లాడ్జి బోర్డు మీద రాసుకున్నారు కదా. సూర్యుడు సరిగ్గా ఈ పల్లంలోంచే లేస్తాడు. ఫొటోలో అడుగులుంటే గెస్టులకి నచ్చదు."

"మరి మేమంతా మనుషులం కామా? గాలికేం తెలుసు పాపం అన్నదెవరండీ?"

అతను మఫ్లరు చుట్టుకుంటూ నేల చూపులు చూశాడు. "ఇంకోటి కూడా ఉంది. రేపు పొద్దున ఇక్కడ తాడు కట్టమన్నాడు మేనేజరు. ఇకమీదట ఇటు ఎవరూ నడవకూడదట."

"ఆ నొప్పుల మోకాళ్ళతో అత్తయ్య లారీల రోడ్డు మీద చుట్టూ తిరిగి పోవాలా?"

"అమ్మకి నువ్వే ఎలాగోలా సర్దిచెప్పు."

"మీ అమ్మకి మీరే చెప్పుకోండి!"

చెప్పక తప్పలేదు. అత్తగారు అరవలేదు, కుడుతున్న చొక్కా దారం పళ్ళతో పుటుక్కున తెంపింది.

"తాడు నువ్వే కడతావా?"

"నేను కట్టకపోతే ఇంకోడు కడతాడమ్మా."

"అయితే గట్టిగా కట్టు. చిన్నప్పట్నుంచీ నీ ముడులన్నీ వదులే."

మందుల షాపులో ఒక మాట అంటే ఊరంతా పాకడానికి పూట చాలు. మర్నాడు పొద్దున తాడు దగ్గరికి అత్తాకోడళ్ళు వచ్చేసరికి వెనక బడిపంతులు, రొట్టెల దుకాణం ఆవిడ, ఇంకా సగం వీధి. కోడలు తాడు పైకెత్తింది. అత్తగారు నడుం వంచి, మోకాలు పట్టుకుని, మూలుగుతూ దాటింది. మిగతావాళ్ళూ వరసగా దాటారు.

లాడ్జి బాల్కనీల్లో గెస్టులు కేకలేశారు. మేనేజరు బూట్లు ఇసుకలో దిగబడుతుంటే ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చాడు. కోడలు తిట్లన్నీ నోట్లో సిద్ధంగా పెట్టుకుంది.

"అద్భుతం!" అన్నాడు మేనేజరు. "గెస్టులు ఫొటోలే ఫొటోలు! రోజూ ఈ టైముకి ఇలాగే వరసగా నడవండి. కాస్త ఎర్ర బట్టలేసుకుంటే ఇంకా బాగుంటుంది. పెద్దావిడా, మీరు మాత్రం ఆ కుంటడం మానకండి, భలే సహజంగా ఉంది. మిగతా టైములో తాడు తాడే, ఎవరూ రాకూడదు."

కోడలికి సిద్ధం చేసుకున్న తిట్లేవీ సరిపోలేదు. "ఆ నొప్పి నీకొస్తే ఇంకా సహజంగా ఉంటుంది!" అని అరిచింది.

"నేను పనికి పోతున్నాను బాబూ," అంది అత్తగారు. "నీ బొమ్మలోకి కాదు. ఎర్ర బట్టలు నువ్వే కట్టుకో, కావాలంటే కుట్టిపెడతాను."

జనం గొల్లుమన్నారు. మేనేజరు మొహం మాడ్చుకుని, తాడు పక్కనే ఆగి ఉన్న జీపు వైపు తిరిగాడు. "ఏయ్ డ్రైవరూ! మొత్తం తుడిచెయ్. వీళ్ళని మళ్ళీ మొదట్నుంచి నడిపిద్దాం."

అతను జీపు దిగాడు. తివాచీ మీది టైర్లు దించి, దాన్ని జీపుకి కట్టిన తాడు విప్పి, తివాచీని భుజాన వేసుకున్నాడు. తన మొగుడు తన అడుగుల మీదికి, తల్లి అడుగుల మీదికి ఆ తివాచీ లాక్కొస్తాడా? కోడలి చెయ్యి చెప్పుల మీద బిగుసుకుంది. వస్తే విసిరేసేదే.

అతను ఇటు రాలేదు. లాడ్జి మెట్ల దగ్గరికి పోయాడు. అక్కణ్ణుంచి మేనేజరు బూటు గుర్తులెక్కడ పడ్డాయో అక్కడే తివాచీ లాగుతూ, పక్కనున్న ఒక్క అడుగూ చెరగకుండా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని తుడుచుకుంటూ వచ్చాడు. మేనేజరు మడమల దగ్గర ఆగాడు.

"కాస్త కాలెత్తండి సార్."

మేనేజరు ఉలిక్కిపడి కాలెత్తాడు కూడా. తర్వాత నువ్వు రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదని అరిచాడు, ఇంకా ఏవేవో అరిచాడు. బడిపంతులు నవ్వు హోరులో ఆ అరుపుల్లో సగం ఎవరికీ వినబడలేదు.

కోడలు మొగుడి దగ్గరికొచ్చింది. ఆమె మొహం ఇంకా కందగడ్డలాగే ఉంది. కానీ శ్రీవారు పోయింది, మీరు పోయింది.

"దారికడ్డంగా ఆ తాడు కట్టింది కూడా నువ్వేగా? విప్పు."

అతను చెయ్యి వేయగానే ఊడొచ్చింది. అత్తగారన్నట్టు ముడి వదులుగానే ఉంది.