బొట్టు పెట్టిన యంత్రము

శేషారత్నమును ఆమె తోడి పనివారే చంపిరి. భర్త పున్నయ్య మనస్సునం దిది తీర్పు వెలువడిన వ్యాజ్యెము. మరల వాదమునకు తావు లేదు.

వర్షధౌతమైన యాశ్వయుజాకాశము తెల్లవారుచుండగా గుంటూరు పొలిమేరయందలి మిరప కోల్డు స్టోరేజి గవాక్షశూన్యములైన తన గోడలతో, ఎవ్వరినో మ్రింగి నిద్రించు మహామృగమువలె నిలిచి యుండెను. దాని గర్భమున మిరపబస్తాలు కప్పువరకు పేర్చబడి యుండెను. వానిని చల్లగా నుంచునట్టి అమ్మోనియా వాయువు గోడలవెంట గొట్టములలో బుసకొట్టుచు సంచరించుచుండెను. గొట్ట మొక్కటి పగిలినచో యంత్రమును తక్షణమే ఆపవలయును; ఆ పని యంత్రశాలయందలి కంప్యూటరుతో జరుగును. వాయువు సోకిన చర్మము కాలును గనుక దానికడ కూర్చుండువారు చేతుల మందపు రబ్బరు తొడుగులు విడువరు.

ఆ దిన మాయుధపూజ. గత సంవత్సర మిదే పండుగనాడు యజమాని రంగనాయకులు రెండు కంప్యూటర్లను బల్లపై నుంచి పనివారి నెల్ల పిలిపించెను. ఒకటి బటన్లు గలది. రెండవది అద్దముపై వ్రేలితో తాకిన పనిచేయునది. ఏది వలయునో పనివారే యెన్నుకొనవలెనని యాతడు చెప్పెను. కాని యప్పటికే పురోహితునిచేత అద్దపుదానికి కుంకుమబొట్టు పెట్టించి బంతిపూలదండ వేయించి యుండెను. బొట్టు పెట్టిన యంత్రమును త్రిప్పి పంపుట యచ్చట నెవ్వరు నెరుగరు.

“తాళి కట్టింతర్వాత పెళ్ళిచూపులేందిరా” అని కూలీల మేస్త్రి బాలకోటయ్య ప్రక్కవాని చెవిలో పలికి నవ్వెను. అతడే యజమానివంక తిరిగి “బంగారంలా ఉందండీ” అనెను. తక్కినవారు తల లూచిరి.

యంత్రముకడ పనిచేయు శేషారత్న మొక్కతెయే ముందునకు వచ్చి, తొడుగు వేసికొన్న వ్రేలితో నద్దమును నొక్కి చూపెను. అది కదలలేదు.

“అయ్యా, గ్లౌజులుంటే ఇది మాట వినట్లేదండి. బటన్లదే ఉంచండి.”

“గ్లౌజు తీసి నొక్కితే సరి. పూజైపోయింది, పండగపూట అపశకునం మాటలెందుకమ్మా?” అనెను బాలకోటయ్య.

తలుపుకడ నిలిచియున్న ఆమె భర్త పున్నయ్య, బస్తాలకు కాటా వేయువాడు, “ఆమె చెప్పింది నిజమేనండి” అనెను.

“పెళ్ళాం మాటకు మొగుడు సాక్ష్యమా బావా?” అనెను బాలకోటయ్య.

అందరును నవ్విరి. యజమానియు నవ్వి, అందరి మాటయే తన మాట యనెను.

మార్గశిరమున నొక యుదయము గొట్టము పగిలెను. మంచువలె తెల్లనైన వాయువు యంత్రశాలను నింపెను. కడనున్నవారు పరుగెత్తిరి. శేషారత్నము పరుగెత్తలేదు, యంత్ర మాపనిచో లోపలిగదుల బస్తాలు మోయుచున్న కూలీలు మిగులరని యామె యెరుగును. గాలి తేటపడిన పిమ్మట లోనికి పోయిన పున్నయ్యకు భార్య బల్లపై వాలి కనబడెను. అద్దమునిండ తొడుగువ్రేళ్ళ ముద్రలు. కుడిచేయి వట్టిది, దాని తొడుగు ఆమె పండ్ల నడుమ నుండెను. యంత్ర మాగి యుండెను. లోపలినుండి బ్రతికి వచ్చినవారిలో బాలకోటయ్య యొకడు.

ఆ పిమ్మట పున్నయ్య వారితో కాటామాటలు తప్ప మాటాడలేదు.

నేడు, ఆనాడు వాయువు సోకి క్రమముగా పాడైన దాని స్థానమునకై, మరల రెండు కంప్యూటర్లు బల్ల నెక్కెను. ముందు పనివారు కోరవలెను, పిదపనే పూజ యని యజమాని కట్టడి చేసెను. కాని యాయన వచ్చులోపల, ఖరీదైనదే ఆయన కిష్టమని యూహించి బాలకోటయ్య తానే అద్దపుదానికి బొట్టు పెట్టి దండ వేసెను. రంగనాయకులు వచ్చి బొట్టును చూచి పనివారు కోరుకొనిరని తలంచెను. పనివారు యజమాని కోరెనని తలంచిరి.

“అందరికీ ఇష్టమేగా?”

“మీ ఇష్టమేనండి.”

గోడలలో వాయువు బుసకొట్టెను. పున్నయ్య రొంటినుండి రబ్బరుతొడుగు నొకదానిని తీసి బల్లపై నుంచెను. దాని అంచున పంటిగాట్లు కనబడుచుండెను. ఎవ్వరును దానిని ముట్టలేదు. తుదకు, శేషారత్నము స్థానమున కూర్చుండు దీనమ్మ లేచి, ఆ తొడుగు వేసికొని అద్దమును నొక్కెను. అది కదలలేదు. మరల నొక్కెను. కదలలేదు. ఆమె యా తొడుగుతోనే కుంకుమను తుడిచివైచి, ప్రక్కదాని బటను నొక్కెను. అది వెంటనే మ్రోగెను.

బొట్టు చెరిగిన యద్దమువంక చూచుట కెవ్వరికిని ధైర్యము చాలలేదు.

“బటన్లదే పెట్టించండి” అని దీనమ్మ యజమానితో ననెను. ఈసారి నవ్వినవాడు లేడు.

రంగనాయకులు సరే యని తల యూచి, గొంతు తగ్గించి “పున్నయ్యా, ఆ రోజేం జరిగిందో నీ నోటితో ఒకసారి చెప్పు. వీళ్ళు వినాలి” అనెను.

“బావా...” అని బాలకోటయ్య యేదో యనబోయెను.

“చెప్పాల్సినామె ఆనాడే చెప్పింది. మీరు నవ్వారు” అనెను పున్నయ్య. “నన్నింకెప్పుడూ అడగమాకండి.”

అతడు కాటాకడకు పోయి తొలిబస్తాను తూకమున కెక్కించెను. వాకిట బంతిపూలు వాడెను, పండుగలు వచ్చి పోయెను. అడుగువా రడుగుచునే యుండిరి. ఆనాటి మాట మాత్ర మతని నోట నెవ్వరును వినలేదు.